ఇల్లు కొనే ముందు: శుక్రవారం మీటింగుల చెప్పిన మాట



ఇరవై ఏండ్ల నుంచి సైటు మీద గోడలు చూస్తున్నోణ్ణి. అయినా ఊర్ల ఇల్లు వీడియో కాల్‌ల చూసి బయానా ఇచ్చిన. కొత్త రంగు మెరిసింది. మొదటి వానకే గోడంతా నెమ్మెక్కింది. మేస్త్రీకి ఒక్కరోజు కూలి ఇచ్చి చూపించలే. రిపేరుకు మూడు నెలల జీతం పోయింది.

మీరు అట్ల చెయ్యకుండ్రి. వాన పడ్డంక మనిషిని పంపండి. స్లాబు అడుగు, బాత్రూం వెనక గోడ చూడాలి. ఒక్క గోడకే కొత్త రంగుంటే ఎందుకని అడగాలి. టైల్స్ మీద నాణెంతో కొట్టాలి. బోలు చప్పుడొస్తే కింద మాలు సరిగ్గా పడలేదన్నట్టు. కిటికీ మూల నుంచి ఏటవాలు పగులుంటే ఇంజనీరుకు చూపించాలి. మీసేవల ఈసీ తీస్తే రిజిస్టరైన తాకట్టు బయటపడుతది.

బయానా ఇచ్చే ముందు గ్రూపుల ఫోటోలు పెట్టుండ్రి. చూసి నాకు తెలిసింది చెప్త.