ప్రభువు చిట్టాలో ఆడవాళ్ల శ్రమ



భూస్వామ్యం అనగానే మనం ప్రభువు, రైతు అని ఇద్దరి గురించే మాట్లాడుకుంటాం. ఆ రైతు మగవాడేనని ఎవరూ చెప్పకుండానే అనుకుంటాం. అందుకే ఈరోజు పన్నెండు వందల ఏళ్ల కిందటి ఒక చిట్టా గురించి చెప్పదలుచుకున్నాను.

పారిస్ పక్కన సెయింట్ జెర్మన్ దే ప్రే అనే క్రైస్తవ మఠం ఉండేది. 9వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో దాని అధిపతి ఇర్మినోన్ మఠం భూములనూ, వాటి మీద బతికే మనుషులనూ చిట్టాకెక్కించాడు. ఇలాంటి ఎస్టేట్లనే మేనర్లు అంటాం. మేనరులో కొంత భూమి ప్రభువు సొంత సాగు. మిగతాది రైతు కుటుంబాలకిచ్చిన కమతాలు. కమతం దున్నుకున్నందుకు రైతు ప్రభువు పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. మన వెట్టి అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది. 8వ శతాబ్దపు బవేరియా చట్టం చర్చి భూముల మీది బానిసలకు వారానికి 3 రోజులు ఈ పని విధించింది.

ఇర్మినోన్ చిట్టాలో బోడో, అతని భార్య ఎర్మెంట్రూడ్, వాళ్ల ముగ్గురు పిల్లలు కనిపిస్తారు. చరిత్రకారిణి ఐలీన్ పవర్ 1924లో 'మెడీవల్ పీపుల్' పుస్తకంలో వీళ్ల గురించి రాసింది. ఆ కమతం చెల్లించాల్సిన వాటిలో 3 కోళ్లు, 15 గుడ్లు ఉన్నాయి. కోళ్లను ఎవరు పెంచారో చిట్టాలో లేదు. ఎర్మెంట్రూడ్ వంట, నీళ్లు మోయడం, పిల్లల పెంపకం కూడా లేవు. అదే చిట్టాలో, ప్రభువుకు ఉన్నిగుడ్డ నేసివ్వాల్సిన స్త్రీల పని మాత్రం లెక్కగా ఉంది. చక్రవర్తి షార్లెమేన్ కాలంలో, సుమారు 800లో, వచ్చిన ఆదేశం కూడా ఇంతే. స్త్రీలు నేతపని చేసే శాలలకు నార, ఉన్ని, రంగులు, దువ్వెనలు అందించాలంది. ఆ శాలలకు గట్టి తలుపులు ఉండాలని కూడా అంది.

మరి స్త్రీల పేర్లు ఎందుకు రాశారు? తల్లి హోదాను బట్టి పిల్లల హోదాను నిర్ణయించిన సందర్భాలు ఆ చిట్టాలోనే ఉన్నాయి. ఆమె కన్న బిడ్డ రేపటి పనిమనిషి. తరువాతి శతాబ్దాల్లో ఇంగ్లండులో బానిస రైతు కూతురి పెళ్లికి ప్రభువుకు రుసుము కట్టాల్సి వచ్చిందంటే, ఆమె శ్రమ మీదా సంతానం మీదా తనకే హక్కుందని అతను అనుకోబట్టే.

నాకు అర్థమైంది ఇది. లెక్క రాసేవాడు తనకు రావలసినదే రాసుకుంటాడు. మన దేశంలో 2019 కాల వినియోగ సర్వే ఇంటిపనిని కూడా లెక్కగట్టింది. ఆ పని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇది మనకు పనికొచ్చే లెక్క. కానీ ఎర్మెంట్రూడ్ పేరు కూడా చిట్టాలో ఉంది. పేరు ఎక్కినంత మాత్రాన ఆమెకు భూమి మీద గానీ, తన శ్రమ మీద గానీ హక్కు రాలేదు. గ్రామాల్లో సర్వే ఫారాలు నింపేటప్పుడు ఈ లెక్క ఎవరి కోసమని అడుగుదాం. పట్టా ఎవరి పేరున ఉందో, కూలి డబ్బు ఎవరి చేతికి వస్తుందో కూడా అడిగి రాద్దాం.