ముద్దేనహళ్ళి లోకసంచారి
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



లోకం చుట్టివచ్చినవారిని “ఏమి చూశారు?” అని అడుగుతాము. “ఏమి మోసుకుపోయారు? ఏమి తెచ్చారు?” అని అడగడం మేలు.

చిక్కబళ్ళాపురం చేరువ ముద్దేనహళ్ళిలో, తెలుగు మాట్లాడే ఇంట పుట్టినవారు విశ్వేశ్వరయ్యగారు. పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండం నుంచి వలస వచ్చినవారు. ఆయన 1898లో జపాను చూసినారు. 1908లో ఐరోపా, అమెరికాలకు బయలుదేరినారు. దారిలో ఉండగానే, మూసీ వరదకు అల్లాడిన హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. 1909లో వచ్చి వరదను అరికట్టే పథకం వేసినారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాని ఫలాలే. 1919లో మరల లోకం చుట్టి, 1920లో దేశ పునర్నిర్మాణంపై ఆంగ్లంలో గ్రంథం వెలువరించినారు. 1951లో తమ జ్ఞాపకాల గ్రంథంలో ఆ రోజులు నెమరువేసుకున్నారు. తెచ్చినది ఇదీ.

మోసుకుపోయినదో? పూర్వుల ఊరిపేరు. దానిని ఇంటిపేరుగా ఎక్కడా దింపలేదు. 1962లో కన్నుమూసి ముద్దేనహళ్ళి మట్టికే చేరినారు.

బాగేపల్లిలో, చింతామణిలో ఎన్నో ఇళ్ళలో బడికి కన్నడం, వాకిట తెలుగు. రెండూ బరువు కాలేదు. మనమూ ఊరు విడిచినవారమే. ఈ పూట ఉగాది పచ్చడి చేతికిస్తూ, మన ఇంటిపేరు వెనుక ఏ ఊరున్నదో పిల్లలకు చెబుదాము. ఆ మూట తేలిక. విడిస్తే మళ్ళీ దొరకదు.