అమానతు లెక్క

గత శుక్రవారం మన రాంనగర్ మస్జిదు ద్వారం వద్ద ఒక యువకుడు చందా పెట్టె లెక్క అడిగాడు. నా మనసు నొచ్చింది. పిదప ఆలోచిస్తే తప్పు నాదేనని తోచింది.

దివ్య ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్ణయించింది. నిరుపేదలు, అగత్యపరులు మొదటివారు. వసూలు చేసే ఉద్యోగులు మూడవవారు. వారి వేతనం ధర్మసమ్మతమే. అయినా ఇబ్ను లుత్బియ్యా అనే వసూలుదారు కొంత సొమ్ము తనకు వచ్చిన కానుకని వేరుచేసుకోగా, ప్రవక్త (స) మింబరుపై నుండి మందలించారు. తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు.

దినకూలీ వేసిన పది రూపాయలు కూడా మా చేతిలో అమానతే. దాతల పేర్లు గోప్యంగానే ఉంచుతాము; జమాఖర్చులు ఇకపై ప్రతి నెలా గోడపై అతికిస్తాము. అతికించని నెలలో నన్ను నిలదీయండి. అల్లాహ్ మనల్ని అమానతు నిలుపుకునేవారిలో చేర్చుగాక! ఆమీన్.