విత్తగణితము: పట్టభద్ర విద్యార్థి నేర్వవలసిన దేమి?



కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు తెలుగువారి ఇండ్లలో వేసవి వచ్చునప్పటికి ఒక చర్చ మొదలగును. పండ్రెండవ తరగతిలో లెక్కలయందు మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు, ఇంజనీరింగు వలదని, విత్తగణితము ప్రధాన విషయముగా డిగ్రీ చదివెద ననును. తల్లిదండ్రులకు ఆ పేరే క్రొత్త. అది లెక్కల చదువా, వాణిజ్యపు చదువా, లేక షేరుబజారులో అడుగిడుటకు దొడ్డిదారియా యని వారికి సందేహము. ఈ సందేహము తీర్చుకొనకుండ పిల్లవానిని వారించుటయు తగదు, ప్రోత్సహించుటయు తగదు.

ఈ శాస్త్ర మెట్టిదో గ్రహించుటకు ఉద్యోగులకు చిరపరిచితమైన ఒక లెక్క చాలును. పాత పింఛను పద్ధతిలో 60వ యేట విరమించిన ఉద్యోగి నెలకు 10,000 రూపాయల పింఛనును కమ్యూటేషనుకు ఇచ్చెననుకొందము. పట్టికలోని 8.194 అను గుణకముతోను, 12 నెలలతోను ఆ పదివేలను గుణింపగా 9,83,280 రూపాయలు ఒక్కసారిగా చేతికి వచ్చును. ఆ పింఛను భాగము తిరిగి లభించునది పదునైదేండ్లకు. ఆ కాలములో అతడు వదలుకొను మొత్తము 18,00,000 రూపాయలు. పైపైన చూచినవారికి ఇది నష్టబేరమని తోచుట సహజము.

కాని ఆ 8.194 అను సంఖ్యలో రెండు ఆలోచనలు ఇమిడియున్నవి. మొదటిది కాలము. పదునైదేండ్ల తరువాత అందు 100 రూపాయలు, 8 శాతము చక్రవడ్డీ లెక్కన నేడు సుమారు 31 రూపాయల 50 పైసలకు మాత్రమే సమానము. రెండవది ఆయుర్దాయము. పింఛనుదారుడు మధ్యలో గతించినచో మిగిలిన సొమ్ము వసూలు కాదు. కుటుంబ పింఛనుకు దానివలన కొరత కలుగదు. కావున ఏ వయస్సువారిలో ఎందరు ఎన్నేండ్లు జీవింతురను సంభావ్యత కూడ లెక్కలోనికి రావలెను. వడ్డీయు సంభావ్యతయు విత్తగణితమునకు రెండు కాళ్లు. తక్కిన శాస్త్రమంతయు వానిపై నిలిచి నడచుచున్నది.

ఇందు మొదటి కాలు ఈ దేశమునకు క్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహములో వడ్డీ లెక్కలకు విశేష స్థానము గలదు. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. రెండవ కాలు బజారు ధరల విషయములో చాల ఆలస్యముగా కదలినది. 1900లో లూయీ బాషెలియే అను ఫ్రెంచి విద్యార్థి పారిస్‌లో ఒక పరిశోధన వ్యాసమును సమర్పించి, బజారు ధరల ఒడుదుడుకులను సంభావ్యతాశాస్త్రముతో వర్ణించెను. అది చిరకాలము మరుగున పడియుండెను. 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్ అను పండితులు, నిర్ణీత ధరకు షేరును కొనుటకో అమ్ముటకో గల హక్కునకు, అనగా ఆప్షనునకు, వెలకట్టు విధానమును ప్రకటించిరి. 1997లో షోల్స్, మెర్టన్‌లకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. బ్లాక్ అప్పటికి రెండేండ్ల ముందే మరణించెను.

ఆ మరుసటి సంవత్సరమే ఈ శాస్త్రమునకు మరువరాని పాఠము లభించినది. ఆ ఇరువురు పండితులును భాగస్వాములుగానున్న లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అను అమెరికా సంస్థ, 1998 ఆగస్టులో రష్యా ప్రభుత్వము ఋణముల చెల్లింపు నిలిపివేసిన పిమ్మట కూలిపోవు స్థితికి వచ్చెను. న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకు పూనికతో పదునాలుగు ఆర్థిక సంస్థలు సుమారు 360 కోట్ల డాలర్లు సమకూర్చి దానిని ఆదుకొనవలసి వచ్చినది. గుణకారములో తప్పు దొరలి ఈ ఆపద రాలేదు. వేర్వేరు బజారులు ఒకే సమయమున ఒకే దిక్కునకు పడవనియు, అమ్మదలచినప్పుడు కొనువారు దొరకుదురనియు చేసికొన్న ఊహ తప్పినది. అరువు తెచ్చిన సొమ్ము మిక్కుటమగుటచే ఆ తప్పు ప్రాణాంతకమయ్యెను.

పట్టభద్ర విద్యార్థి ముఖ్యముగా నేర్వవలసిన దిదియే. సూత్రమును యంత్రములో వేసి సమాధానము రాబట్టుట కొన్ని వారములలో పట్టుపడు విద్య. ఆ సూత్రము ఏ యూహలపై నిలిచినదో, అవి ఎప్పుడు చెల్లవో కనుగొనుటకు మాత్రము గట్టి గణితపు పునాది కావలెను. కావున తల్లిదండ్రులు డిగ్రీ పేరును గాక పాఠ్యప్రణాళికను చదువవలెను. కలనగణితము, బీజగణితము, సంభావ్యతాశాస్త్రము, సాంఖ్యకశాస్త్రము మొదటి యేండ్లలో నిండుగా నున్నవా? వాని తరువాత వడ్డీ సిద్ధాంతము, బాండ్లు, ఆయుర్దాయ పట్టికలు, కంప్యూటరు ప్రోగ్రామింగు వచ్చుచున్నవా? అట్లున్నచో ఆ చదువు మంచిది. గణితము పలుచనై, బజారు మాటలు దట్టముగా నున్నచో దానికన్న గణితములోనో, సాంఖ్యకశాస్త్రములోనో డిగ్రీ తీసికొని, విత్తవిషయములను పిదప నేర్చుకొనుట మేలు. గణితము తెలిసినవానికి బాండు అనగానేమో బోధించుట సులభము. బాండు మాత్రమే తెలిసినవానికి ఇరువదియైదవ యేట గణితము బోధించుట కష్టము.

సుప్రసిద్ధ సాంఖ్యకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు ముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, ఆ పిమ్మటనే కలకత్తాలో సాంఖ్యకశాస్త్రమును చేపట్టిరి. నేడును ఆక్చువరీ వృత్తిని కోరువారు ఏ డిగ్రీ పొందినను, వృత్తిసంఘపు పరీక్షలను వేరుగా నెగ్గుకొని రావలెను. అచ్చట నిలబెట్టునది పునాదియే.

ఇది పిల్లల ఉద్యోగములకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2004 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వ సివిలు కొలువులలో క్రొత్తగా చేరినవారికి జాతీయ పింఛను పద్ధతి వర్తించినది. వారి జీతములో కోసిన సొమ్ము బజారు మదుపులలోనికి పోవుచున్నది. 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకము అమలులోనికి వచ్చినది. ఏది మేలని తేల్చుకొనుటకు ఉద్యోగి కూర్చున్నప్పుడు అతని ముందున్నదంతయు విత్తగణితమే. వడ్డీరేటు ఎంతయని ఊహింపవలెను? ఆయుర్దాయ మెంతయని ఎంచవలెను? ధరలు ఎంత పెరుగునని తలపవలెను? ఊహ మారిన సమాధానము మారును.

రేపు ఆ లెక్కలను వేయువారు నేడు డిగ్రీ తరగతులలో నున్న పిల్లలే. ఒక గుమాస్తా ముప్పదియేండ్ల కష్టార్జితము, ఒక వితంతువు నెలసరి రాబడి వారి కాగితముపై ఒక అంకెగా నుండును. ఆ అంకె వ్రాయుటకు ముందు “ఏ యూహ తప్పినచో ఈ ఫలితము తప్పును?” అని తమను తాము ప్రశ్నించుకొను అలవాటును కళాశాల వారికి నేర్పినచో, ఆ చదువు సార్థకము. ఆ ప్రశ్నకు తావిచ్చు చదువును కోరు బిడ్డను తల్లిదండ్రులు నిశ్చింతగా ఆశీర్వదింప వచ్చును.