ఒకే ఇంట్లో రెండు గడియారాలు



జీవగడియారం గురించి మీరు చదివే ఉంటారు. ఈ రోజు దాన్ని విడాకులతో కలిపి చూద్దాం. ఈ రెండింటికీ పొంతనేమిటని ఆశ్చర్యపోకండి.

మన మెదడులోని హైపోథాలమస్‌లో సుమారు 20,000 నాడీకణాలు వెలుతురును బట్టి శరీరానికి వేళలు చెబుతుంటాయి. చీకటి పడ్డాక మెలటోనిన్ ఊరుతుంది. తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత బాగా తగ్గుతుంది. ఈ గడియారం కణాలలో ఎలా నడుస్తుందో ఈగలలో కనుగొన్నందుకే హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు హైదరాబాదులో ఒక ఇంటిని ఊహించుకోండి. భర్త కాలిఫోర్నియా కంపెనీ పని చూస్తాడు. అక్కడ ఉదయం తొమ్మిదంటే వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నర, శీతకాలంలో పదిన్నర. భార్య స్కూలు టీచరు. పొద్దున అతను మెట్లెక్కే వేళకు ఆమె దిగుతూ ఉంటుంది. సాయంత్రం దొరికే మూడు గంటలూ వంటకూ, పిల్లవాడి హోంవర్కుకూ సరిపోతాయి. ఇక మిగిలేవి ఫోనులో మెసేజీలు: గ్యాస్ బుక్ చేశావా, ఫీజు కట్టావా. నర్సులు, పోలీసులు, రైలు డ్రైవర్లు ఉన్న ఇళ్లకు ఇది పాత సంగతే. రాత్రి డ్యూటీ భార్యదైతే ఇరుగుపొరుగు మాటలు కూడా తోడవుతాయి.

"అలవాటైపోతుందిలే" అంటారు పెద్దలు. కానీ జీవగడియారం రోజుకు సుమారు ఒక గంట మాత్రమే జరుగుతుంది. ఇంటికి వచ్చే దారిలో పడే ఎండ దాన్ని మళ్లీ వెనక్కి లాగుతుంది. సెలవు రోజున అందరితో పాటు పగలు మేలుకుంటే, జరిగిన కాస్తా పోతుంది. పైగా కుక్కరు కూతలు, కాలింగ్ బెల్లు. పగటి నిద్ర తక్కువ, పలచన. నిద్ర చాలనప్పుడు ఉద్వేగాలకు సంబంధించిన అమిగ్డలా మరింత తీవ్రంగా స్పందిస్తుందని 2007లో మెదడు స్కానులతో చూపారు. ఆ విసుగును ఆమె "నా మీద ఇష్టం లేదు" అని చదువుకుంటుంది. ఆమె మౌనాన్ని అతనూ అలాగే చదువుకుంటాడు. ఇద్దరి లెక్కా తప్పే.

అమెరికాలో హారియట్ ప్రెసర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2000లో ప్రచురించిన అధ్యయనం చూడండి. పెళ్లయి ఐదేళ్లు నిండని, పిల్లలున్న పురుషులలో రాత్రి పనివారు విడిపోయే అవకాశం పగటి పనివారి కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువని తేలింది. కాపురం బాగాలేకనే రాత్రి పనికి వెళ్లారేమో అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆమె అదీ పరిశీలించింది, అందుకు ఆధారం దొరకలేదు. అయితే ఆ అంకెను మన ఇళ్లకు నేరుగా అతికించకూడదు.

మన హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకులు 1976లో చేరాయి. అందుకు ఏడాదిగా వేరుగా ఉండాలి. భార్యాభర్తలుగా బ్రతకకపోతే ఒకే కప్పు కింద ఉన్నా వేరుగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది.

మీ ఇంట్లో రాత్రి డ్యూటీ ఉంటే ఈ ప్రయోగం చేయండి. గ్రాఫు కాగితం మీద రోజుకు 24 గళ్ల చొప్పున రెండు వారాలు గీయండి. అమ్మ, నాన్న నిద్రపోయిన గంటలను వేర్వేరు రంగులతో నింపండి. ఇద్దరూ మెలకువగా, ఇంట్లోనే ఉన్న గళ్లెన్నో లెక్కపెట్టి ఇద్దరికీ చూపండి. షిఫ్టు మార్చమని మేనేజరును అడిగేటప్పుడు కూడా ఆ కాగితం పనికొస్తుంది.