విమానం రాని రోజుకు లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరుగా నీ అనుభవాలు చెప్పు" అన్నారు నిర్వాహకులు. ముప్పై ఏళ్ల పంపులు, పైపుల సంగతి మొదలుపెడితే భోజనాల గంట దాకా మీరు ఓపిక పట్టరు. అందుకని ఇప్పుడు నా బల్ల మీద ఉన్న పని గురించి చెబుతాను. చేపలు పట్టడానికి వెళ్తున్నాం. కెనడాలోనూ అమెరికాలోనూ స్థిరపడ్డ మా బ్యాచ్ వాళ్లం నలుగురం, వచ్చే ఆగస్టు చివరి వారంలో, కెనడాలోని ఒంటారియో ఉత్తర అడవుల్లోకి. ఐదు రోజులు.

ఇక్కడ కాలవ గట్టు మీద గాలం వేసినప్పుడు ప్లానింగు అంటే ఓ వెదురు కర్ర, బెండు, కొబ్బరి చిప్పలో నాలుగు వానపాములు. అక్కడ అలా కుదరదు. ట్రాన్స్ కెనడా హైవే నుంచి ఉత్తరానికి చీలిన 105వ నంబరు రోడ్డు సుమారు 175 కిలోమీటర్లు అడవిలో నడిచి రెడ్ లేక్ అనే బంగారు గనుల ఊరు చేరుతుంది. మేం వెళ్లే సరస్సుకు అక్కడి నుంచి దారి లేదు. నీటి మీద దిగే చిన్న విమానం మమ్మల్ని ఒక చెక్క గుడిసె దగ్గర దించి వెళ్లిపోతుంది. ఐదో రోజు వచ్చి తీసుకెళ్తుంది.

ఆ విమానం పేరు బీవర్. మొదట ఎగిరింది 1947లో. డిజైను గీసే ముందు కంపెనీ వాళ్లు అడవుల్లో తిరిగే పైలట్లను కూర్చోబెట్టి మీకేం కావాలని అడిగారు. అందుకే తలుపు నూనె డ్రమ్ము పట్టేంత వెడల్పు. తయారీ 1967లోనే ఆగిపోయినా ఇప్పటికీ ఎగురుతోంది. వాడేవాణ్ణి అడిగి చేసిన యంత్రం ఎంతకాలం బతుకుతుందో చూడండి, ఇది మా వృత్తిలో అందరూ పాటించేది కాదు.

దాంతో వచ్చిన చిక్కు తూకం. మనిషికి 45 కిలోల సామానే అన్నారు. నాలుగు నెలలుగా మా నలుగురి మధ్య నడుస్తున్న యుద్ధమంతా ఆ 45 మీదే. ఆవకాయ సీసా గాజుదా, ప్లాస్టిక్‌దా అన్న దానికి ఒక రాత్రి పట్టింది. బియ్యం ఉన్నాయి, నూనె ఉంది, కారం ఉంది. కూర మాత్రం నీళ్లలో ఉంది. వాలై అనే చేప, ముళ్లు తక్కువ, మన నాలుకకు నచ్చుతుంది. పైక్ అని ఇంకోటి, దాని పళ్లకు మామూలు దారం నిలవదు, గాలానికి పైన ఉక్కు తీగ కట్టాలి. లైసెన్సులు రెండు రకాలు. తక్కువ చేపలు ఉంచుకునే చవక రకం తీసుకుంటున్నాం. నలుగురు ముసలాళ్లు ఎన్ని తింటారు?

జూన్‌లో చేపలు ఒడ్డు దగ్గరే ఉంటాయి కానీ నల్ల ఈగలు మనిషిని కూర్చోనివ్వవు. అందుకని ఆగస్టు చివర. ఆగస్టుకూ ఒక భయం ఉంది. 2020 ఆగస్టులో అడవి మంటలొచ్చి రెడ్ లేక్ ఊరినే ఖాళీ చేయించారు. పొగ కమ్మినా, గాలి పెరిగినా, మంచు పట్టినా విమానం రాదు.

అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. మా నలుగురిలో ఒకడు రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకుంటాడు. వాడి భార్య, మాకు చెల్లెమ్మ, ఫోన్లో ఒకటే అడిగింది: "అన్నయ్యా, విమానం రాకపోతే?"

వాణ్ణి వదిలేసి ముగ్గురం వెళ్దామని ఎవరూ అనలేదు. రమ్మని బలవంతమూ చేయలేదు. కాగితం తీసుకుని కూర్చున్నాను. ఐదు రోజులకు మూడు రోజులు అదనం, ఎనిమిది. పెట్టె నీళ్లలో పడిపోవచ్చు కాబట్టి దానికి రెట్టింపు, పదహారు రోజుల మందు. రెండు పెట్టెలు, రెండు పడవల్లో, ఇద్దరి దగ్గర. ఇన్సులిన్‌కు ఎండే కాదు, గడ్డకట్టే చలీ శత్రువే. ఐసు ముక్కలకు ఆనుకున్నా పాడైపోతుంది. చెయ్యికి అంటించుకునే సెన్సరు ఫోను చార్జింగు ఉన్నంతసేపే చెబుతుంది కనుక వేలు గుచ్చి చూసే పాత మీటరూ వెంట వస్తోంది. షుగరు పడిపోయి వాడు స్పృహ తప్పితే ఇవ్వాల్సిన గ్లూకగాన్ ఎలా ఇవ్వాలో మిగతా ముగ్గురం నేర్చుకుంటున్నాం. మా వాడొకడు బత్తాయి మీద సాధన చేస్తున్నాడు. ఉపగ్రహానికి సందేశం పంపే పరికరం ఒకటి, ఆపదలో నొక్కే బీకన్ ఇంకొకటి. బీకన్ నొక్కితే ట్రెంటన్‌లోని రక్షణ కేంద్రానికి తెలుస్తుంది. తెలియడం వేరు, మనిషి రావడం వేరు. ఆ మధ్య గంటలు మావే.

ఇంకో మాట, కాలవలో ఈత నేర్చిన మనందరికీ. చల్లటి నీటి గురించి మనిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన లెక్క 1-10-1. గడ్డకట్టేంత చలి నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు పనిచేసేది పది నిమిషాలు, స్పృహ నిలిచేది ఓ గంట. ఆగస్టులో నీళ్లు అంత చల్లగా ఉండవు. అయినా పడవలో లైఫ్ జాకెట్ విప్పకూడదన్నది నలుగురం సంతకం పెట్టిన షరతు. మా ఈతగాడు గునిశాడు, పెట్టాడు.

ఈ కాగితం మొత్తం చెల్లెమ్మకు పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఒక ప్రశ్న వచ్చింది: "రెండో పెట్టె ఎవరి దగ్గర?" నా దగ్గరే అన్నాను. "సరే, డాక్టరు ఒప్పుకుంటే" అంది.

డాక్టరు జూన్‌లో చూస్తాడు. ఆయన వద్దంటే కారు వెళ్లే సరస్సుకే వెళ్తాం, నలుగురమూ. అక్కడ కూడా గది అడిగి ఉంచాను. వాలై అక్కడా పడుతుంది, కొంచెం చిన్నది.