గుంటలో చేపలున్నాయా?

వ్యవసాయ, పశువైద్య పట్టాలందుకున్న మీతో ఒక మాట. ముందు రాయలసీమలోని నగరి వైపు వెళదాం.

అక్కడి చిన్న రైతుకు కాస్త మామిడో, చెరకో, వేరుశనగో ఉంటుంది. కొట్టంలో రెండు పాడి ఆవులుంటాయి. ఈశాన్య రుతుపవనాలకు నిండిన సేద్యపు గుంట వేసవి ముదిరేసరికి అడుగంటుతుంది. ఏడాదంతా నీళ్లు, బస్తాలకొద్దీ తవుడు కావాల్సిన కొల్లేరు పద్ధతి చేపల పెంపకం ఇక్కడ సాగదు. అందుకే సీమకు చేపలెందుకని కొట్టిపారేస్తారు. కానీ నీళ్లు ఆరు నెలలే అయితే వేలెడు పిల్లలు వద్దు. నూరు గ్రాములు దాటిన బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలితే గుంట ఎండేలోపు చేతికొస్తాయి. తవుడుకు బదులు గుంటలో ఆవు పేడ వేద్దామంటే, పేడంతా గుంటపాలైతే పొలానికేం మిగులుతుందని మరో అభ్యంతరం. లెక్క చూడండి. ఒక ఆవు రోజుకు 10 కిలోలకు పైగా పేడ వేస్తుంది. పది సెంట్ల గుంటకు రోజుకు ఒకటి రెండు కిలోలు చాలు. ఆ పేడతో నీట్లో నాచు, సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని చేపలు తింటాయి. సారం చేరిన నీళ్లు మడికి, అడుగున చేరిన ఒండ్రు మామిడి పాదులకు. మిగతా పేడంతా దిబ్బకే. ఎక్కువ వేస్తేనే చేటు: తెల్లారేసరికి చేపలు ఊపిరాడక పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. నీరు నిలవని గరుగు నేలలో మాత్రం గుంట తవ్వించకండి, అది డబ్బు దండగ.

నా దిగులు నేల గురించి కాదు, మీ గురించే. తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. ఊరొకటే, చదువులు మాత్రం ఎడమొహం పెడమొహం. ఆవు పేడ వేసేముందు అది ఏ శాఖ కిందికొస్తుందో విచారించదు నాయనా! పశువైద్యుడు పిడుదులకు డెల్టామెత్రిన్ రాసిస్తాడు, ఆవుకు హాయి. ఆ ఆవును గుంట గట్టున కడిగితే చేపలు తేలిపోతాయి, ఎందుకంటే ఆ జాతి మందులు చేపలకు కాలకూటం. మామిడికి కొట్టే మందుల్లోనూ అలాంటివున్నాయి. నిపుణులంతా ఎవరి పాఠం వాళ్లు సరిగ్గానే అప్పజెప్పారు, నష్టం ఒక్క రైతుది. ఆ తర్వాత గుంటలో చేపలు పెంచే పద్ధతే మంచిది కాదని ఊరంతా చెప్పుకుంటుంది. రేపు కొట్టం దగ్గర మందుచీటీ రాసేముందు, తోటలో పిచికారీ చెప్పేముందు ఒక్క మాట అడగండి: “అన్నా, గుంటలో చేపలున్నాయా?”